నూనె మానేసినా ట్రైగ్లిజరైడ్లు 280 ఎందుకున్నాయి?

ట్రైగ్లిజరైడ్లంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు. అనుమానం చక్కెర మీదే. రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లని మీరే రాశారు. కప్పుకు రెండు టీస్పూన్లు వేసుకున్నా రోజుకు 32 గ్రాములు. పక్కన ఉస్మానియా బిస్కెట్లు వేరే, అవి వెన్న, చక్కెర ముద్దలే. చక్కెరలో సగం ఫ్రక్టోజ్. దాన్ని ఎక్కువగా లివరే పట్టుకుంటుంది, మితిమీరితే కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది.

1. చాయ్‌లో చక్కెర, కూల్‌డ్రింకులు, జ్యూస్‌లు ఆపండి. బెల్లం కూడా చక్కెర కిందే లెక్క.

2. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి.

3. చాలామంది తప్పేది ఇక్కడే: ఈ టెస్టుకు పరగడుపు అంటే 12 గంటలు మంచినీళ్లు మాత్రమే. ముందు రాత్రి బిర్యానీ, మద్యం వద్దు. పొద్దున్నే "ఒక్క చాయే కదా" అని తాగి వెళ్తే ఆ రీడింగ్ నమ్మలేం.

4. రెండు నెలలకు మళ్లీ టెస్టు, దాంతోపాటు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు), థైరాయిడ్. ట్రైగ్లిజరైడ్లు 150 లోపుంటే సరే. 500 దాటితే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, పాంక్రియాస్ (క్లోమం) వాచే ప్రమాదం ఉంది.