గాలి విద్యుత్తుకు లొంగడానికి పట్టే సమయం

ప్రశ్న: ఒక సెంటీమీటరు గాలి గ్యాప్‌లో సుమారు 30 కిలోవోల్టుల వద్ద నిప్పురవ్వ దూకుతుందని మా డిప్లొమా పాఠంలో ఉంది. కానీ నానోసెకన్లలో (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) ముగిసే పల్సుకైతే, అంటే క్షణిక వోల్టేజీకైతే, అదే గ్యాప్ అంతకు ఎన్నో రెట్లు ఓర్చుకుంటుందని మా సారు చెప్పారు. ఎలా? అలాంటప్పుడు పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ బుషింగులపై (తీగలు లోపలికి వెళ్లే పింగాణీ గొట్టాలపై) ఎదురెదురుగా వంచిన కడ్డీలు పిడుగును ఎలా ఆపుతాయి?
— ఒక విద్యార్థి, దేవరకొండ

జవాబు: 30 కిలోవోల్టులన్నది వోల్టేజీని నెమ్మదిగా పెంచినప్పటి లెక్క. గాలి లొంగాలంటే వోల్టేజీతోపాటు వ్యవధి కూడా కావాలి.

అందులో మొదటి భాగం నిరీక్షణ. గ్యాప్‌లో సరైన చోట ఒక్క స్వేచ్ఛా ఎలక్ట్రానైనా లేకపోతే ఏదీ మొదలుకాదు. విత్తనం పడని చెలకలో ఎంత వాన కురిసినా మొలక రాదు కదా. ఆ ఎలక్ట్రాన్‌ను గాలి అణువుల నుంచి విడదీసేవి కాస్మిక్ కిరణాలు, నేలలోని రేడియోధార్మిక పదార్థాలు. (మన నల్గొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు రాళ్లలో యురేనియం ఉందని వినే ఉంటారు; మామూలు గ్రానైటు నేల కూడా కొంతమేర ఈ పని చేస్తుంది.) అయితే ఘన సెంటీమీటరు గాలిలో సెకనుకు ఇలా పుట్టే అయాను జతలు (విడిపోయిన ఎలక్ట్రాన్, మిగిలిన ధనావేశ అణువు) సుమారు పది మాత్రమే, పుట్టిన ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ త్వరలోనే పట్టేసుకుంటుంది. అందుకే ఒకే వోల్టేజీ పల్సును పదిసార్లు ఇస్తే రవ్వ కొన్నిసార్లే దూకుతుంది. అతినీలలోహిత కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడి ఈ నిరీక్షణ తగ్గుతుంది. ఆ కాంతి రవ్వకు తోడ్పడుతుందని హెర్ట్జ్ 1887లోనే గమనించాడు.

రెండో భాగం ఎదుగుదల. గాలి అణువులను ఢీకొడుతూ ఒక ఎలక్ట్రాన్ రెండై, రెండు నాలుగై, సుమారు పది కోట్లకు చేరినప్పుడు ఆ గుంపు సొంత విద్యుత్ క్షేత్రమే బలపడి, స్ట్రీమర్ అనే సన్నని వెలుగు దారమై గ్యాప్‌ను దాటుతుంది. 30 కిలోవోల్టుల వద్ద ఎలక్ట్రాన్ సెంటీమీటరు ప్రయాణించడానికే వంద నానోసెకన్లకు అటూఇటూ పడుతుంది కాబట్టి, పది నానోసెకన్ల పల్సులోనే ఇదంతా జరగాలంటే క్షేత్రం ఎంతో ఎక్కువగా ఉండక తప్పదు.

ఇక కడ్డీల సంగతి. ప్రయోగశాలల్లో పిడుగుకు బదులు వాడే ప్రామాణిక తరంగం 1.2 మైక్రోసెకన్లలో లేచి 50 మైక్రోసెకన్లకు సగానికి పడిపోతుంది. అంత వ్యవధిలో కడ్డీల మధ్య రవ్వ దూకగలదు. కానీ తరంగం మరీ నిటారుగా లేచినప్పుడు గ్యాప్ సిద్ధమయ్యేలోపే వోల్టేజీ పెరిగిపోతుంది, ఆ భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగ చుట్టలపై పడుతుంది. పైగా రవ్వ దూకాక లైను కరెంటు కూడా అదే దారిన పారుతుంది. అందుకే గ్యాప్ లేని జింక్ ఆక్సైడ్ అరెస్టర్లు (పిడుగు తాకిడిని ఎర్త్‌కు మళ్లించే పరికరాలు) వచ్చాయి: వోల్టేజీ పెరగగానే వాటి నిరోధం తగ్గుతుంది, ఎలక్ట్రాన్ కోసం ఎదురుచూడవలసిన పని లేదు. అయితే అరెస్టర్ నుంచి ఎర్త్‌కు వెళ్లే తీగ పొడవుగా ఉన్నా, వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోయినా ఆ వేగం వృథా అవుతుంది గనుక, మీ ట్రాన్స్‌ఫార్మర్ వద్ద ఆ రెండింటినీ లైన్‌మన్‌తోనే చూపించండి. మీరు స్వయంగా ముట్టుకోవద్దు.