నాన్నగారికి లావు టైర్ల ఈ-బైక్: వాట్ల సంగతి తర్వాత, ముందు ఇవి చూడండి

గాజువాక అమ్మాయి ఒకరు అడిగిన సందేహం ఇది. పెళ్ళి చేసుకుని సియాటిల్ పక్కన బెల్‌వ్యూ వెళ్ళి ఇంకా ఏడాది నిండలేదు. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, 64 ఏళ్ళు, 115 కిలోలు, మోకాళ్ళు కొంచెం ఇబ్బంది పెడుతున్నాయి. ఉక్కునగరంలో ఉన్నన్నాళ్ళూ స్కూటర్ దిగని మనిషి. వేసవికి కూతురి దగ్గరికి వస్తున్నారు, అక్కడ కారు నడపరు, ఆరు నెలలు సోఫాలో కూర్చోలేరు. అందుకని "లావు టైర్లది, వెయ్యి వాట్లది, మంచి పవర్ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ ఏదైనా చెప్పండి అన్నయ్యా" అంటోంది. నేను ప్రస్తుతం వైజాగ్ ఎంవీపీ కాలనీలో అమ్మ దగ్గరే ఉన్నాను. ఇక్కడ పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే పెద్దాయనలు కూడా ఇదే అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి రాసేస్తున్నా.

ముందు ఆ వెయ్యి వాట్ల మాట పక్కన పెట్టమ్మా. అమెరికా ఫెడరల్ లెక్కలో మోటారు 750 వాట్ల లోపు ఉండి, పెడల్ తొక్కకుండా మోటారు మీదే వెళ్తే గంటకు 20 మైళ్ళ లోపే ఉండాలి, అప్పుడే అది సైకిల్. ఆ వేగం కొలవడానికి చట్టం కూర్చోబెట్టిన మనిషి బరువు ఎంతో తెలుసా? 170 పౌండ్లు, అంటే 77 కిలోలు. మీ నాన్నగారు దానికి ఒకటిన్నర రెట్లు. కంపెనీలు 60 మైళ్ళు వస్తుందని రాసే రేంజ్ కూడా చాలావరకు ఇలాంటి బక్క మనిషిని చదును రోడ్డు మీద, తక్కువ అసిస్ట్‌లో (అంటే మోటారు సాయం తక్కువగా పెట్టి) తిప్పి రాబట్టిందే. 48 వోల్టులు, 15 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 720 వాట్ అవర్లు. 115 కిలోల మనిషి లావు టైర్ల మీద ఎక్కువగా థ్రాటిల్ (స్కూటర్ యాక్సిలరేటర్ లాంటిది) మీదే వెళ్తే 20, 25 మైళ్ళు వచ్చాయంటే బాగా వచ్చినట్టే. ఆయనకి అంతకన్నా అక్కర్లేదు కూడా.

మీ వాషింగ్టన్‌లో ఈ-బైకులు మూడు క్లాసులు. క్లాస్ 1 తొక్కితేనే కదులుతుంది, క్లాస్ 2కి థ్రాటిల్ ఉంటుంది, రెండిటికీ మోటారు సాయం 20 మైళ్ళ వరకే. క్లాస్ 3 అయితే తొక్కుతుంటే 28 మైళ్ళ దాకా సాయం చేస్తుంది, కానీ నడకదారుల్లోకి, పార్కు ట్రెయిల్స్‌లోకి దాన్ని చాలాచోట్ల రానివ్వరు. డ్రైవింగ్ లైసెన్సు వీటికి అక్కర్లేదు. నాన్నగారికి క్లాస్ 2 తీసుకో, అంతే. మీ ఆయన డిస్‌ప్లేలో ఏదో సెట్టింగ్ మార్చి "అన్‌లాక్ చేస్తే 35 వెళ్తుందండీ మావయ్యగారూ" అని సరదా పడతాడేమో, చెయ్యనివ్వకు. అలా మార్చాక చట్టం దృష్టిలో అది సైకిల్ కాదు. పడినా, ఎవరినైనా గుద్దినా నాన్నగారికి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సుతో పెద్ద తలనొప్పి. అసలు ఆ పాలసీలో ఈ-బైక్ ప్రమాదాలు కవర్ అవుతాయో లేదో టికెట్లు తీసే రోజే చదివి పెట్టుకో. (బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్ళు ఈ అమెరికా లెక్కలు చూసి కొనకండి, మీకు చాలావరకు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు. కెనడాలో 500 వాట్లు, 32 కిలోమీటర్లు.)

ఇక అసలు విషయం బరువు. ప్రతి బైకుకీ ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది, దాన్ని పేలోడ్ అంటారు. అందులో మనిషి ఒక్కడే కాదు, వీపు సంచీ, తాళం గొలుసు, వెనక క్యారియర్ మీద పెట్టే పాల క్యాను, కూరలు అన్నీ కలిసే. 115 కిలోలంటే 253 పౌండ్లు, సామానుతో 275 దాటిపోతుంది. 300 అని రాసి ఉన్నది కొంటే సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ గుంత తగిలినప్పుడల్లా వెనక చక్రం ఏడుస్తుంది. ముందు విరిగేవి వెనక స్పోకులే. 350 నుంచి 400 పౌండ్లు రాసి ఉన్నదే చూడు. స్పోకులు 12 గేజ్‌వా అని అడుగు, గేజ్ నంబరు తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది.

ఎత్తుల సంగతి. మన వైజాగ్ పాండురంగాపురం డౌన్ నుంచి బీచ్‌కి జారుకుంటూ దిగడం ఎవరికైనా వచ్చు, బీచ్ నుంచి తిరిగి సిరిపురం ఎక్కడం ఊహించుకో. మీ బెల్‌వ్యూ నిండా అలాంటి రోడ్లే. మనిషి 115, బండి 35, మొత్తం 150 కిలోలు. వంద మీటర్లకి ఎనిమిది మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్లతో ఎక్కాలంటే ఆ బరువుని పైకి లేపడానికే 490 వాట్ల దాకా కావాలి, గాలి, టైరు రాపిడి వేరే. 750 వాట్ల మోటారుకి అది కష్టం కాదు, కానీ వేగం ఐదారుకి పడిపోతే వెనక చక్రంలో ఉండే హబ్ మోటారు తిరగలేక కరెంటులో చాలా భాగాన్ని వేడిగా మారుస్తుంది. అందుకే ఎత్తు మీద ఆగి మళ్ళీ థ్రాటిల్ నొక్కడం కన్నా ముందు నుంచే కాస్త వేగంతో రావడం, తనూ కాసిని పెడళ్ళు తొక్కడం మంచిది. టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 80 న్యూటన్ మీటర్లకి తగ్గకుండా చూడు. ఇంకోటి, అదే టార్క్ ఉన్న హబ్ మోటారు 26 అంగుళాల చక్రంలో కన్నా 20 అంగుళాల చక్రంలో ఉంటే ఎత్తు మీద గట్టిగా లాగుతుంది, చక్రం చిన్నదయ్యేకొద్దీ నేలని తోసే బలం పెరుగుతుంది కాబట్టి. పెద్దవాళ్ళకి 20 అంగుళాలదే నేను చెప్తాను, కాళ్ళు కూడా తేలిగ్గా నేలకి అందుతాయి. పెడల్ దగ్గరుండే మిడ్ డ్రైవ్ మోటారు ఎత్తులకి ఇంకా మేలే, ధర ఎక్కువ, పైగా గేర్లు సమయానికి మార్చాలి. స్కూటర్ అలవాటున్న ఆయన ఆ గేర్ల జోలికి పోరు.

బ్రేకుల గురించి మాత్రం శ్రద్ధగా చదువు. హైడ్రాలిక్ డిస్కులే ఉండాలి, కేబుల్‌తో లాగే డిస్కులు వద్దు. 150 కిలోలు 20 మైళ్ళ వేగంతో దిగుతుంటే కేబుల్ బ్రేకుని వేళ్ళ బలంతోనే పట్టుకోవాలి, 64 ఏళ్ళ చేతికి ఎందుకా టెన్షన్. అంతకన్నా ముఖ్యం, మన గేర్లు లేని స్కూటర్లకి ఎడమ చేతి లివర్ వెనక బ్రేకు, కుడిది ముందు బ్రేకు. అమెరికాలో అమ్మే సైకిళ్ళకి సరిగ్గా రివర్స్, ఎడమది ముందు చక్రానికి. జీవితమంతా కంగారు వస్తే ఎడమ చెయ్యి నొక్కిన మనిషి అక్కడా అదే నొక్కుతారు, కుక్క అడ్డమొస్తే ముందు చక్రం బిగుసుకుని హ్యాండిల్ మీంచి బోర్లా పడతారు. షాపులో అడిగితే లివర్లు అటుదిటు మార్చి ఇస్తారు, బండి తెచ్చుకునే ముందే చేయించు. థ్రాటిల్ కూడా స్కూటర్‌లా తిప్పేది కాకుండా బొటనవేలితో నొక్కేది తీసుకో. తిప్పేదైతే బండి పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని తోస్తున్నప్పుడు చెయ్యి మెలిపడి దానంతటది ఎగిరిపోతుంది, దిగగానే పవర్ ఆపే అలవాటు మన పెద్దలకి ఎక్కడిదీ.

ఎక్కడం దిగడం కోసం మధ్యలో రాడ్డు లేని ఫ్రేమే, మగవాళ్ళు ఆడవాళ్ళ సైకిల్ అంటూ మొహం చిట్లిస్తారు, పట్టించుకోకు, మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు కాలు వెనక నుంచి తిప్పి వెయ్యలేరు. పెడల్ తొక్కడాన్ని పసిగట్టే సెన్సర్ టార్క్ రకం అయితే ఎంత తొక్కితే అంత సాయం వస్తుంది. కేడెన్స్ రకం పెడల్ తిరిగితే చాలు ఒక్కసారిగా తోస్తుంది, సిగ్నల్ దగ్గర కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. లావు టైర్లు సుఖమే, గతుకులు తెలియవు, కానీ గాలి 10 పీఎస్ఐకి దిగితే హ్యాండిల్ తనంతట తనే ఓ పక్కకి లాగుతుంది. ఈ బరువుకి తారు రోడ్డు మీద 20 నుంచి 25 ఉంచండి, టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా. మీరుండేది రెండో అంతస్తు అంటున్నావు, లిఫ్ట్ లేకపోతే ఈ బండి మాటే మర్చిపో, 35 కిలోలు మెట్లెక్కించడం ఆయన వల్లా కాదు నీ వల్లా కాదు.

బ్యాటరీ విషయంలో బేరాలు వద్దు. యూఎల్ 2849 (ఈ-బైకు బ్యాటరీ, వైరింగ్ భద్రతకి ఇచ్చేది) సర్టిఫికెట్ ఉన్నదే కొను. ఈ-బైక్ బ్యాటరీలతో మంటలు లేస్తున్నాయని న్యూయార్క్ నగరం 2023 నుంచి ఇలాంటి సర్టిఫికెట్ లేని బండ్ల అమ్మకాన్నే ఆపేసింది. బండితో వచ్చిన ఛార్జర్ తప్ప ఇంకోటి పెట్టొద్దు, వాకిలికి అడ్డంగా రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు. మీ అపార్ట్‌మెంట్ లీజులో ఈ-బైక్ లోపల పెట్టనిస్తారా అన్నది కూడా చూసుకో. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చినవి తీసుకెళ్తే చాలా సైకిల్ షాపులవాళ్ళు ముట్టుకోరు, హబ్ మోటారున్న వెనక చక్రం పంక్చర్ అయితే విప్పడం ఇంట్లో అయ్యే పని కాదు. వంద, రెండొందల డాలర్లు ఎక్కువైనా మీ ఊళ్ళో సర్వీసు ఉన్నదే నయం.

తిరిగొచ్చేటప్పుడు ఆ బండి వైజాగ్ తెచ్చేసుకుందాం అంటారు, అందరూ అంటారు. 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల సామానులో చేతి సంచీలోనూ పెట్టనివ్వరు, చెకిన్‌లోనూ పెట్టనివ్వరు. తెచ్చినా ఇక్కడ 250 వాట్లు, 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేకుండా తిరగగలం. అక్కడే అమ్మేసి రండి.

ఈలోగా నాన్నగారిని మామూలు సైకిల్ మీద రోజూ కాసేపు ప్రాక్టీస్ చెయ్యమను, పొద్దున్నే బీచ్ రోడ్డుకి బండ్లు రానివ్వని టైములో వస్తే బాగుంటుంది. బ్యాలెన్స్ కుదరకపోతే మూడు చక్రాలది చూద్దాం, దానికి మలుపుల్లో వేగం తగ్గించడం వేరే నేర్చుకోవాలి. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబెట్టి గజ్జల నుంచి మడమ దాకా ఎన్ని సెంటీమీటర్లో కొలిచి పంపు, మోకాళ్ళ గురించి డాక్టర్ ఏమన్నారో కూడా రాయి, నాలుగైదు మోడళ్ళు చూసి చెప్తాను.