రోజంతా మెసేజ్‌లు, అడిగితే మాత్రం ‘చూద్దాం’

ప్రశ్న: నా వయసు 24. కొన్ని నెలలుగా ఒకబ్బాయితో మాట్లాడుతున్నాను. అర్ధరాత్రి దాటేదాకా ఫోన్లో కబుర్లు చెబుతాడు, నాకు జ్వరం వస్తే గంటకోసారి ఎలా ఉందని అడిగాడు. తర్వాత రెండు మూడు రోజులు పత్తా ఉండడు, నీలి టిక్కులు పడతాయి కానీ జవాబు రాదు, మళ్లీ ఏమీ జరగనట్టే ‘ఏం చేస్తున్నావ్’ అంటూ వచ్చేస్తాడు. తన వాళ్లకి నన్ను ఫ్రెండ్ అనే పరిచయం చేశాడు. నేను వేరే అబ్బాయితో సినిమాకెళ్తే మాత్రం మొహం మాడ్చుకున్నాడు. మనమేంటని ఓసారి నవ్వుతూ అడిగితే ‘ఇప్పుడెందుకవన్నీ, చూద్దాం’ అన్నాడు. ఇప్పుడు నేనూ పంతం కొద్దీ ఆలస్యంగా రిప్లై ఇస్తున్నాను. అతనికి నేనంటే ఇష్టమేనా?

జవాబు: ఇష్టమే అయ్యుంటుంది. అయినా ఆ ముక్క తెలిసినంత మాత్రాన మీ టెన్షన్ తగ్గదు, ఎందుకంటే మనిషి నచ్చడం వేరు, ఆ మనిషితో బంధానికి ఒప్పుకోవడం వేరు. మీకు కావలసింది రెండోది, అతను ఇన్నాళ్లూ దాటేస్తున్నదీ అదే.

మరి ఇంత చిరాకు పెడుతున్నా మనసు అక్కడే ఎందుకు తిరుగుతోంది? ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం చేసే ప్రయత్నాన్ని జీవులు అంత తొందరగా మానవని స్కిన్నర్, ఫెర్‌స్టర్ అనే మనస్తత్వవేత్తలు 1957లోనే వివరంగా రాశారు, బహుమతి ఆగిపోయాక కూడా చాలాసేపు ప్రయత్నిస్తూనే ఉంటాయట. 2011లో అమెరికాలో కాలేజీ అమ్మాయిలకు కొందరబ్బాయిల ప్రొఫైళ్లు చూపించి, వీళ్లకు మీరు బాగా నచ్చారని కొందరికి, ఓ మోస్తరుగా నచ్చారని కొందరికి, రెండింటిలో ఏదైనా కావచ్చని మిగిలినవాళ్లకి చెప్పారు. ఎక్కువ ఆకర్షణ కలిగింది ఏదీ తేలనివాళ్లకే, వాళ్లే ఆ అబ్బాయిల గురించి ఎక్కువ ఆలోచించారు కూడా. కాబట్టి ఇంతగా గుర్తొస్తున్నాడంటే ఇది గొప్ప ప్రేమేనని అప్పుడే తీర్మానించుకోకండి, సగం పని ఆ తేలనితనమే చేస్తుండొచ్చు.

మాయమవడం గురించి ఒక మాట. ఉద్యోగం గొడవలో, ఇంట్లో సమస్యలో, అసలు మెసేజ్‌లంటేనే బద్ధకమో, ఎవరికైనా ఉంటాయి. అలాంటి మనిషి తిరిగొచ్చాక ‘ఇదీ సంగతి, చెప్పలేకపోయాను’ అంటాడు. ఇతను అదీ అనడం లేదు. ఇక ఆ మొహం మాడ్చుకోవడాన్ని దయచేసి ప్రేమ లెక్కలో వేయకండి. పేరు ఫ్రెండ్, పెత్తనం మాత్రం ప్రియుడిది, ఇదెక్కడి న్యాయం?

మీ వైపు కూడా చూద్దాం, కోపం తెచ్చుకోకండి. నవ్వుతూ అడిగారు, నవ్వుతూ తప్పించుకున్నాడు. మీరు పంతంతో ఆపిన రిప్లై అతనికి పంతంలా కనిపించదు, ఈ అమ్మాయికీ పెద్దగా పట్టింపు లేదనే కనిపిస్తుంది. అతని స్నేహితుడెవరో ఇదే ఉత్తరాన్ని తిప్పి రాస్తే అందులో మీరే అర్థం కాని మనిషి!

ఎదురుగా కూర్చుని అడగండి, కుదరకపోతే ఫోన్లో, అదీ పగటిపూట. రాతలో మన స్వరం అవతలివాళ్లకి అందిందని మనం అనుకునేంతగా అందదు, 2005లో ఈమెయిళ్ల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. మాటలు ఇంత తేలికగా ఉంటే చాలు: ‘నువ్వంటే నాకిష్టం. మనిద్దరం జంటగా ఉండాలని, ఇంకెవరితోనూ ఇలా ఉండకూడదని అనుకుంటున్నాను. నీకూ అలాగే ఉందా? ఆలోచించుకోవాలంటే వచ్చే ఆదివారం చెప్పు.’ అన్నాక ఆగిపోండి, ఆ నిశ్శబ్దాన్ని పూడ్చడానికి ‘ఊరికే అడిగాలే’ అని మాత్రం అనకండి, కొంప మునుగుతుంది.

అవునంటే సంతోషం, తర్వాతి వారాల్లో నడవడిక మారిందో లేదో చూసుకోండి. ఇప్పుడు రిలేషన్‌షిప్ వద్దంటే వద్దనే అర్థం, అందులోంచి ‘తర్వాత కావాలేమో’ అనే ఆశ పిండుకోకండి. మళ్లీ ‘చూద్దాం’ అంటే దాన్నీ వద్దు కిందే రాసుకుని ఆ అర్ధరాత్రి కాల్స్ ఆపేయండి, అతన్ని దారికి తేవడానికి కాదు, మీరు కాస్త నిద్రపోవడానికి.

ప్రశ్న: ఒకమ్మాయిని రెండు మూడు సార్లు బయట కలిశాను. మంచిదే కానీ నాకు ఆ ఉద్దేశం కలగలేదు. చెబితే బాధపడుతుందని పొడిపొడిగా రిప్లై ఇస్తున్నాను. తనే అర్థం చేసుకుంటుంది కదా?

జవాబు: చేసుకోదు. పైన ఉత్తరం రాసినావిడ ఎన్నాళ్లుగా అర్థం చేసుకోవడానికి కుస్తీ పడుతోందో చదివారుగా. మీ ‘హ్మ్’ చూసి ఆ అమ్మాయి బిజీగా ఉన్నాడేమో అనుకుంటుంది, లేదంటే తనే ఏదో తప్పుగా మాట్లాడానని పాత చాట్ అంతా తిరగేస్తుంది. ‘నిన్ను కలవడం బావుంది, కానీ నాకు ప్రేమ అనే ఆలోచన రావడం లేదు, నిన్ను ఎదురుచూసేలా చేయడం ఇష్టంలేక చెబుతున్నాను’ అని ఈరోజే పంపండి. నిజంగా స్నేహం చేసే ఉద్దేశం లేకపోతే ‘ఫ్రెండ్స్‌గా ఉందాం’ అని తోక తగిలించకండి. తిరిగి ఏదైనా అడిగితే ఒకసారి జవాబివ్వండి, కోపంగా ఒక మాటంటే పడండి.