నట్టల గుడ్లు చూడ్డానికి వెయ్యి రెట్లు ఎందుకండీ?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర. వానలు పడ్డాక మేకలు పారుతున్నాయి, రెండిటికి దవడ కింద నీరు దిగింది. మేనల్లుడి పాత మైక్రోస్కోపులో, కడుపులో నట్టలు (పురుగులు) పెట్టిన గుడ్లు కనబడతాయేమోనని పెంటికల నీళ్లు పెట్టి చూస్తే 100ఎక్స్ లెన్సుతో అంతా నలుపే. షాపాయన 25ఎక్స్ ఐపీస్ కొంటే బాగా కనబడతాది అంటన్నాడు. కొనీమంటారా?

జవాబు: వద్దండీ, డబ్బులు దండగ. కన్ను పెట్టే ఐపీస్ మీద 10ఎక్స్, కింద తిరిగే ఆబ్జెక్టివ్‌ల మీద 4, 10, 40, 100 అని ఉంటాయి కదా, రెండూ గుణించుకుంటే 40, 100, 400, 1000 రెట్లు. కానీ వివరాన్ని పట్టేది ఆబ్జెక్టివే, ఐపీస్ ఆ బొమ్మనే ఇంకాస్త పెద్దది చేస్తుందంతే, ఫోన్లో ఫొటోని వేళ్లతో లాగినట్టు. 40 లెన్సు మీద పక్కనే 0.65 అని చిన్న అంకె ఉంటుంది చూడండి, దాన్ని ఎన్.ఏ. అంటాం, లెన్సు ఎంత సన్నటి వివరం పట్టగలదో చెప్పే అంకె అది, వెయ్యితో గుణిస్తే 650, అది దాటి పెంచిన రెట్లన్నీ ఉత్తి సైజే. 25 ఐపీస్ పెడితే 40 లెన్సుకి 1000 అవుతుంది, మసక తప్ప ఏం రాదు.

100 లెన్సు నల్లగా ఉండటానికి కారణం వేరు. అది ఇమ్మర్షన్ ఆయిల్ చుక్కలో మునిగి పనిచేసే లెన్సు, నూనె లేకపోతే వెలుతురు గాల్లోకొచ్చి పక్కకి వంగిపోతుంది. మీ పనికి అది అక్కర్లేదు కూడా. రక్తం తాగే నట్ట హీమాంకస్ గుడ్డు 70–85 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, 10 లెన్సు చాలు, అంటే మొత్తం 100 రెట్లు. 40కి తిప్పితే కనబడే మేర పదహారో వంతుకి తగ్గిపోద్ది, గుడ్డు వెతకడమే కష్టం.

ఇక చూసే పద్ధతి. తాజా పెంటికలు రెండు మూడు గ్రాములు ఉప్పు ఇక కరగనంత చిక్కటి ఉప్పునీళ్లలో నలిపి వడకట్టి, చిన్న గొట్టంలో అంచుదాకా పోసి పైన కవర్ స్లిప్ (పలచటి చిన్న గాజు బిళ్ల) పెట్టి పావుగంట ఆగండి, గుడ్లు తేలి దానికి అంటుకుంటాయి, అప్పుడు తీసి స్లైడు మీద వెయ్యండి. కింద వెలుతురు తగ్గించే డయాఫ్రం కాస్త ముయ్యండి, వెలుతురు ఎక్కువైతే పలచటి గుడ్డు కనబడదు. కోలగా, సన్నటి పెంకుతో, లోపల కణాలు గుంపుగా ఉంటే గుడ్డు. నిండు గుండ్రంగా నల్లటి మందపాటి అంచుతో ఉంటే గాలి బుడగ, కొత్తల్లో అందరూ దాన్నే చూసి సంబరపడతారు!

వంశధార గట్టున చిత్తడిలో మేపుతుంటే కార్జపు జలగల అనుమానం కూడా పెట్టుకోండి, వాటి గుడ్లు ఉప్పునీళ్లలో తేలవు, మామూలు నీళ్లలో కలిపి అడుక్కి దిగిన మడ్డి చూడాలి. అయితే దవడ వాచిన ఆ రెండు మేకలకీ ఈ పరీక్షలయ్యేదాకా ఆగకండి, కంటి రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంటే ఇవాళే పశువుల డాక్టరుకి చూపించి, బరువు చెప్పి నట్టల మందు పట్టించండి.