బీగంచెవి తుంగభద్రలో, కారు గట్టు మీద

(బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు కర్నూలు బళ్లారి చౌరస్తా పక్కన కారు ఎలక్ట్రికల్ షాపు నడిపే మెకానిక్ జవాబులు)

ప్రశ్న: అన్నా, సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ కారు తీసుకున్నాను. అమ్మినాయన ఒకే కీ ఇచ్చినాడు, రెండోది కనపడలేదన్నాడు. మొన్న పౌర్ణమికి ఇంటిల్లిపాదీ మంత్రాలయం పోయినాము. స్నానానికి ఏట్లో దిగినప్పుడు జేబులో ఉన్న బీగంచెవి కాస్తా నీళ్లపాలైంది. కారు ఆడనే ఒక సత్రం ముందర పెట్టి బస్సెక్కి వచ్చేసినాము. షోరూములో అడిగితే ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే రావాల, లాక్‌సెట్ (తలుపుల, స్టీరింగు బీగాలు) అంతా మార్చాల అంటున్నారు. ఆర్సీ ఇంకా పాతాయన పేరునే ఉంది. ఎమ్మిగనూరులో ఒక కీ మేకరు మాత్రం గంటలో చేసిస్తానంటున్నాడు. ఎవరి మాట నమ్మాల?
– ఒక పత్తి వ్యాపారి, ఆదోని

జవాబు: అన్నా, షోరూమును, కీ మేకరును కాసేపు పక్కన పెట్టండి. మొదటి ఫోను కారు అమ్మినాయనకు చెయ్యండి. కనపడలేదన్న రెండో కీ చానా ఇండ్లలో పాత ఇన్సూరెన్స్ కాగితాల కవర్లోనో, బీరువాలో చీరల మడతల కిందనో పడుంటుంది. బేరం కుదిరిన రోజు వెతికే ఓపిక ఎవరికుంటుంది? కారు ఏటిగట్టున నిలబడిపోయిందని చెప్తే ఈసారి గట్టిగా వెతుకుతాడు. వెతికేటప్పుడే ఇంకొకటి కూడా చూడమనండి. కొత్త కారు ఇచ్చిన రోజు చానా కంపెనీల వాళ్లు కీలతో పాటు నంబరు కొట్టిన చిన్న బిళ్ల ఒకటి ఇస్తారు. అది కీ నంబరు. అది చేతిలో ఉంటే బీగం విప్పకుండానే ఏ గాడి ఎంత లోతు కొయ్యాలో తెలిసిపోతుంది. దాన్ని ఉత్త కీచైను బిళ్ల అనుకొని పారేసినోళ్లే ఎక్కువ.

దొరకలేదనుకుందాం. షోరూము వాళ్లు చెప్పినదాంట్లో ఒక మాటకు ఎదురు చెప్పేదానికి లేదు, ఇంకో మాటను మాత్రం గుచ్చిగుచ్చి అడగాల. ఆర్సీలో పేరున్నాయనే రావాలనడం న్యాయమే. రేపు ఎవడో వచ్చి మీ కారు నంబరు చెప్పి ‘కీ పోయింది, ఇంకొకటి చేసియ్యండి’ అంటే వాళ్లు చేసిస్తే మీకెట్లుంటుంది? ఆర్సీ, ఆధార్, ఇన్సూరెన్స్, కీ పోయినట్టు స్టేషన్లో ఇచ్చిన అర్జీ రసీదు మామూలుగా అడుగుతారు. ఆర్సీ కారులోనే ఉండిపోయిందంటే డిజిలాకర్‌లో చూపించొచ్చు గానీ, అదీ ఆయన ఫోన్లోనే వస్తుంది, మీ ఫోన్లో రాదు. కాబట్టి ఆయన్ని ఒక పూట వెంటబెట్టుకొని పోవడమే దగ్గరి దారి. పనిలో పనిగా బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కూడా చేయించుకోండి. కొన్నవాళ్లు 30 రోజుల్లోపల ఆర్టీఓ ఆఫీసుకు తెలపాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. ఆ బండి రేపు ఎవరికన్నా తగిలితే కోర్టు కాగితం వచ్చేది ఆర్సీలో పేరున్న ఆయనకే. ఆ ఒక్క మాట చెప్పండి, సంతకానికి ఆయనే పరిగెత్తుకొని వస్తాడు.

ఇంగ లాక్‌సెట్ సంగతి. మీరు ఏట్లో పోగొట్టుకున్నది ఒక వస్తువు కాదు, మూడు. గాళ్లు కోసిన ఇనుపముక్క తలుపునూ స్టీరింగునూ విప్పుతుంది. బటన్ల కింద ఉండే సర్క్యూటు బిళ్ల బ్యాటరీతో పనిచేసి దూరం నుంచి డోర్లు తీస్తుంది. మూడోది చిప్పు. వడ్లగింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది, దానికి బ్యాటరీ లేదు. కీ పెట్టే రంధ్రం చుట్టూ రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. కీ తిప్పగానే ఆ చుట్ట నుంచి వచ్చే శక్తితోనే చిప్పు మేలుకొని తన నంబరు చెప్తుంది. ఆ నంబరు ఇంజన్ కంప్యూటర్‌లో, అంటే ఈసీఎంలో, ఎక్కించి ఉంటే సరి. లేకపోతే స్టార్టరు తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. కొన్ని బండ్లు ఒక్క క్షణం అందుకొని ఆరిపోతాయి. మీటర్లో తాళం గుర్తో, కీ గుర్తో ఉన్న లైటు కొట్టుకుంటా ఉంటుంది. మారుతీ వాళ్లు ఐక్యాట్స్ అనేదీ, మిగతా వాళ్లు ఇమ్మొబిలైజర్ అనేదీ ఇదే.

అందుకే ఆ ఎమ్మిగనూరు ఆయన్ను ఒకటే అడగండి: ‘ఆల్ కీ లాస్ట్ (ఒక్క కీ కూడా చేతిలో లేని) బండికి చిప్పు ప్రోగ్రామింగ్ చేస్తావా, మా మోడల్‌కు ఇంతకుముందు చేసినావా?’ తడుముకుంటే వదిలెయ్యండి. ఇనుపముక్క కోసేవాళ్లు ప్రతి ఊర్లో ఉన్నారు, వందల్లో అయిపోయే పని అది. చిప్పు పని వేలల్లో ఉంటుంది. దానికి బండి కంప్యూటర్‌ను చదివే స్కానరు కావాల, దాన్ని స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు తగిలించి కొత్త కీని ఎక్కించాల. కొన్ని మోడళ్లకు కంపెనీ దగ్గర ఉండే రహస్య నంబరు (పిన్ కోడ్) కావాల. ఇంకొన్నింటికి ఈసీఎం విప్పి బల్ల మీద పెట్టి చదవాల. చేతిలో ఒక మంచి కీ ఉంటే ఈ తిప్పలు చానా తప్పుతాయి, ఖర్చూ తగ్గుతుంది. పాతాయన ఇల్లంతా వెతకాలని నేను పట్టుపట్టేది ఇందుకే.

షోరూములో కూడా ‘మొత్తం మార్చాల’ అన్నప్పుడు ఊరికే తలూపొద్దు. కీ నంబరు ఉంటే కీ ఒక్కటే విడిగా తెప్పిస్తారా, ఈసీఎం కూడా మారుస్తారా, ఎన్ని కీలు ఇస్తారు, ఎస్టిమేషన్ కాగితం మీద రాసియ్యండి అనండి. కాగితం అడిగేసరికి కొన్ని ఐటెములు వాటంతట అవే ఎగిరిపోతాయి. నా మటుకు నేను చెప్పేదేమంటే, వారంటీలో ఉన్న బండి అయితే షోరూము తప్ప వేరే దారి వద్దు. వారంటీ దాటిన బండికి, బోర్డు పెట్టుకొని బిల్లు ఇచ్చే కీ మేకరు చాలు. ‘ఇమ్మొబిలైజర్నే తీసేస్తాను, ఇంగ చిప్పుతో పనే ఉండదు’ అనేవాడి దగ్గరికి మాత్రం పోవద్దు. అట్లా చేస్తే చిప్పు లేని ఉత్త ఇనుపముక్కతో కూడా మీ బండి కదులుతుంది.

ఏటిపాలైన కీ గురించి భయపడే పని లేదు. భయపడాల్సింది ఆ కనపడని రెండో కీ గురించే. పాతాయన డ్రైవరు దగ్గరుందో, మధ్యలో బ్రోకరు దగ్గరుందో ఎవరికి తెలుసు? అది ఈ రోజుకీ మీ కారును స్టార్ట్ చేస్తుంది. కొత్త కీ ఎక్కించేటప్పుడు పాతవన్నీ తుడిచేసి, మీ చేతిలో ఉన్నవి మాత్రమే నమోదు చెయ్యమనండి. ఎన్ని కీలు ఎక్కినాయో చానా బండ్లకు స్కానర్ తెర మీద కనిపిస్తుంది, పక్కన నిలబడి చూడండి. తుడిచినాక ఆ పాత కీతో తలుపు తెరుచుకుంటుందేమో గానీ ఇంజను లేవదు. ఒకే విడతలో రెండు కీలు చేయించండి. ఆల్ కీ లాస్ట్ కష్టమంతా మొదటి కీకే, రెండోది దాని వెనకాలే వచ్చేస్తుంది.

అంతవరకు కారును ట్రాక్టరుకు తాడు కట్టి లాగించొద్దు. కీ లేని బండికి స్టీరింగ్ లాకై ఉంటుంది, తిరగదు. కీ మేకరునే మంత్రాలయం రప్పించుకోండి, లేదా కారు మొత్తం పైకెక్కించుకునే బండిని పిలవండి. మీ పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి. కీ రీప్లేస్‌మెంట్ అని యాడ్ ఆన్ విడిగా ఉంటుంది, అది తీసుకొని ఉంటేనే కీ డబ్బులు వస్తాయి. పాలసీ కూడా పాతాయన పేరునే ఉంటే క్లెయిమ్ దగ్గర మళ్లీ ఇదే తగాదా. కారు దొంగతనం క్లెయిమ్‌కు పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు కీలూ అడుగుతారు, అదీ గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: తమ్ముడూ, నా కారు కీ మీద బటన్ల రబ్బరు చినిగిపోతే మా అబ్బాయి ఆన్‌లైన్‌లో కొత్త కవరు తెప్పించి మార్చినాడు. బటన్ నొక్కితే డోర్లు తెరుచుకుంటున్నాయి. కారు మాత్రం స్టార్ట్ కావడం లేదు. మెకానిక్ వచ్చి స్టార్టర్ మోటరు విప్పాలంటున్నాడు. విప్పమందునా?
– ఒక టీచరు, ప్రొద్దుటూరు

జవాబు: విప్పనియ్యొద్దు అక్కా. పాత కవరు ఎక్కడ పారేసినారో ముందు అది చూడండి. మున్సిపాలిటీ బండి వచ్చి పోకముందే చెత్తబుట్టలోంచి తీయండి.

మీ అబ్బాయి ఇనుపముక్కను కొత్త కవర్లోకి మార్చినాడు, సర్క్యూటునూ మార్చినాడు. చిప్పును మాత్రం పాత కవర్లోనే వదిలేసినాడు. కొన్ని కీలలో అది సర్క్యూటు మీదనే అతికి ఉంటుంది, వాటితో ఈ బాధ లేదు. మీదాంట్లో విడిగా ఉన్నట్టుంది. పాత కవరును వెలుతురులో పెట్టి, ఇనుపముక్క మొదలు ఉండే మూలలో చూడండి. ప్లాస్టిక్‌లో చిన్న గుంత, అందులో గట్టిగా కూర్చున్న నల్లముక్కో, సన్నటి గాజుగొట్టమో కనపడుతుంది. ప్లాస్టిక్‌లో భాగమే అనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. స్క్రూడ్రైవరుతో గుచ్చి తీయొద్దు, గాజుదైతే పగిలిపోతుంది. కవరును చుట్టూ మెల్లగా కత్తిరించి, చిప్పు బయటికి రాలేటట్టు చేసి, కొత్త కవర్లో అదే మూలలో పెట్టండి. కదలకుండా బంక ఒక చుక్క చాలు.

కవరు నిజంగానే పోయిందంటే ఇంట్లో ఉన్న రెండో కీతో స్టార్ట్ చేసి చూడండి. లేస్తే మోటరుకు ఏ రోగమూ లేదని ఆ మెకానిక్‌కు మీరే చెప్పొచ్చు.

ప్రశ్న: సార్, మాది పుష్ బటన్ కారు. మా ఆయనను తెల్లవారుజామున రైల్వే స్టేషన్లో దింపి నేనే నడుపుకుంటా ఇంటికి వచ్చినాను. ఇంటి ముందర ఆపినాక మళ్లీ స్టార్ట్ కాలేదు. చూస్తే కీ ఆయన జేబులో బెంగళూరు పోయింది! కీ లేకుండా కారు అంతదూరం ఎట్లా వచ్చింది? ఇది కారులో లోపమా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: లోపం కాదమ్మా, కావాలని అట్లా చేసినారు. స్మార్ట్ కీ, అంటే జేబులో ఉంటే చాలు అనే మీ కీ, లోపల ఉందా లేదా అని కారు చూసేది ముఖ్యంగా స్టార్ట్ చేసేటప్పుడే. నడిచే బండి కీ కనపడలేదని ఉన్నట్టుండి ఆగిపోతే 44వ నంబరు హైవే మీద వెనక లారీ వాడు ఏం కావాల? అందుకని ఆగదు. మీ ఆయన దిగి తలుపేసిన వెంటనే బీప్‌మని శబ్దం, మీటర్లో కీ బొమ్మ వచ్చే ఉంటాయి. స్టేషన్ ముందర ఆటోల హారన్లలో ఎవరు వింటారు!

2019లో మీ జిల్లా పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో బండ్లు తయారు కావడం మొదలైనాక మన పక్క ఈ పుష్ బటన్ కార్లు బాగా పెరిగినాయి. (ఇప్పుడు పెనుకొండ సత్యసాయి జిల్లాలోకి పోయిందిలెండి.) వాటితో పాటే ఇట్లాంటి ఉత్తరాలూ పెరిగినాయి. రెండో కీ బయటికి తీయడం తప్ప ఇప్పుడు మీకు వేరే దారి లేదు. అది బీరువాలో చానాకాలం ఉండుంటే బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. కంగారు పడొద్దు. కీ పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని జరిపితే లోపల దాచిన ఇనుప కీ బయటికొస్తుంది, దాంతో డ్రైవరు డోరు తీయండి. సైరన్ మోగినా బెదరొద్దు, ఇంజను లేస్తే ఆగుతుంది. తర్వాత బ్రేకు (చేత్తో గేర్లు మార్చే బండి అయితే క్లచ్చు కూడా) తొక్కి, వేలితో కాకుండా కీతోనే స్టార్ట్ బటన్‌ను నొక్కండి. బ్యాటరీ లేకున్నా చిప్పును అంత దగ్గర్లో కారు చదువుకుంటుంది. కొన్ని కంపెనీలు బటన్ దగ్గర కాకుండా వేరే చోటు పెట్టినాయి, అది ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. బ్యాటరీ చానా వాటికి సీఆర్ 2032. గడియారాల షాపులో దొరుకుతుంది, కానీ పాతది తీసి దాని మీద నంబరు చూసి అదే కొనండి.

ప్రశ్న: రెండో కీని అయస్కాంతం డబ్బాలో పెట్టి బంపర్ లోపల దాచుకుంటే ఎట్లుంటుంది?
– ఒక విద్యార్థి, కడప

జవాబు: దొంగకు బాగుంటుంది. కారు కడిగే పిల్లోడికీ, పంక్చర్ వేసే ఆయనకూ ఆ జాగా మీకంటే ముందే తెలుసు. స్మార్ట్ కీ అయితే మరీ అన్యాయం, బండి పక్కనే కీ ఉన్నట్టు కాబట్టి హ్యాండిల్ పట్టుకుంటే ఎవరికైనా తలుపు తెరుచుకోవచ్చు. ఇంట్లో పెట్టు, ఎక్కడ పెట్టినావో మీ అమ్మకు చెప్పు. నెలకోసారి దాంతోనే కారు తీయి.