దీర్ఘకాలిక జబ్బులు: ఎవరికి చూపించుకోవాలి?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. షుగరు, బీపీ చాలాకాలంగా ఉన్నాయి. ఈమధ్య మోకాళ్ల నొప్పులు కూడా తోడయ్యాయి. మొదటి నుంచీ దగ్గరలోని ఫ్యామిలీ డాక్టరుకే చూపించుకుంటున్నాను. ఇన్ని జబ్బులు పెట్టుకుని చిన్న క్లినిక్‌ను నమ్ముకోకూడదనీ, పెద్దాసుపత్రిలో ఒక్కో జబ్బుకు ఒక్కో స్పెషలిస్టుకు చూపించుకోవాలనీ పిల్లలు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: విరిగిన చేతికి ఆసుపత్రిని వెతుక్కోవడం వేరు, ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బుకు వెతుక్కోవడం వేరు. మొదటిదానిలో ఆ పూట ఎవరు బాగా చూస్తారన్నది చూసుకుంటే చాలు. రెండోదానిలో వచ్చే ఏడాది కూడా మిమ్మల్ని ఎవరు చూస్తారు, పోయినసారి ఏ మందు ఎందుకు మార్చారో ఎవరికి తెలిసి ఉంటుంది అన్నవే ముఖ్యం. అందువల్ల మీరు ఉన్నచోటే కొనసాగుతూ, అవసరమైనప్పుడు అక్కడి నుంచే స్పెషలిస్టుల దగ్గరకు వెళ్లడం మేలని నా అభిప్రాయం. అయితే ఆ డాక్టరు చేయవలసిన పరీక్షలన్నీ చేయిస్తున్నారా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

జబ్బుకొక డాక్టరును పెట్టుకున్నప్పుడు ఏం జరగవచ్చో చెబుతాను. బీపీకి ఒకరు ఆమ్లోడిపిన్ రాస్తారు. దానివల్ల కొందరికి చీలమండలు వాస్తాయి. ఆ వాపు చూసిన రెండో డాక్టరు, మొదటి చీటీ చూడకపోతే, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఇస్తారు. మోకాళ్ల కోసం వెళ్లినచోట మూడో డాక్టరు ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్ర రాస్తారు. అప్పటికే బీపీకి రామిప్రిల్ వంటి మందు కూడా వాడుతున్నవారికి దానితో ఆ మూత్రం మాత్ర, నొప్పి మాత్ర కూడా కలిస్తే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. విడివిడిగా చూస్తే ఏ చీటీలోనూ తప్పు కనిపించదు, అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసేవారు లేకపోవడమే ఇక్కడి తప్పు.

2018లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ఈ విషయంపై 22 అధ్యయనాలను పరిశీలించింది. వాటిలో 18 అధ్యయనాలు, ఎక్కువగా ఒకే డాక్టరుకు చూపించుకుంటూ వచ్చినవారిలో మరణాలు తక్కువని తేల్చాయి. జబ్బు ముదిరినవారు సహజంగానే పలువురు డాక్టర్ల చుట్టూ తిరుగుతారు కనుక, ఈ తేడా అంతా డాక్టరు మారకపోవడం వల్లనే వచ్చిందని చెప్పలేం. అయినా కొట్టిపారేయదగిన విషయం మాత్రం కాదు.

దూరం సంగతి కూడా ఆలోచించండి. షుగరు, బీపీ నొప్పి పెట్టవు. నొప్పి లేని జబ్బు కోసం దూరం వెళ్లి గంటల తరబడి కూర్చోవడానికి మనసు ఒప్పుకోదు. ఎంత పేరున్న డాక్టరైనా, ఎంత మంచి హస్తవాసి ఉన్నవారైనా, రెండోసారి వెళ్లలేకపోతే మీకు ఒరిగేదేమీ ఉండదు.

ఇక మీ ఫైలు తీసి చూడండి. మూడు నెలల షుగరు సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఏడాదికి కనీసం రెండుసార్లు చేయించారా? కంట్లో చుక్కల మందు వేసి కంటి లోపలి పొర రెటీనాను చూడటం, కిడ్నీల పరిస్థితి తెలిపే మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు, అరికాళ్లలో స్పర్శ తెలుస్తోందో లేదో చూడటం ఏడాదికొకసారైనా జరిగాయా? జరగకపోతే ముందు మీ డాక్టరును అడగండి. అడిగాక కూడా పట్టించుకోకపోతే మారడమే మంచిది, ఏళ్లనాటి పరిచయమని మొహమాటపడవద్దు.

క్రియాటినిన్ పెరుగుతూ పోతున్నా, మూడు రకాల మందులు వాడుతున్నా బీపీ అదుపులోకి రాకపోయినా, రెటీనాలో మార్పులు కనిపించినా స్పెషలిస్టు దగ్గరకు వెళ్లవలసిందే, ఇక్కడ మీ పిల్లల మాటే సరైనది. వెళ్లేటప్పుడు మీ డాక్టరు చేత ఉత్తరం రాయించుకుని, వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. గుండెలో నొప్పి, హఠాత్తుగా మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం వంటివి వస్తే మాత్రం ఎవరినీ సంప్రదిస్తూ కూర్చోకుండా నేరుగా అత్యవసర విభాగం ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లాలి.

ప్రశ్న: చూపించుకుంటున్న డాక్టరుకు చెప్పకుండా మరొకరి అభిప్రాయం తీసుకుంటే తప్పా? తెలిస్తే నొచ్చుకుంటారేమోనని సంకోచిస్తున్నాను.
- మరో పాఠకుడు

జవాబు: తప్పు కాదు. 1981లో తొలిసారి వెలువడి, తర్వాత సవరణలు పొందిన ప్రపంచ వైద్య సంఘం లిస్బన్ ప్రకటన, ఏ దశలోనైనా మరో డాక్టరు అభిప్రాయం అడిగే హక్కు రోగికి ఉందని చెబుతోంది. అయితే దాచి వెళ్లడం వల్ల నష్టం మీకే. పాత రిపోర్టులు చూపలేరు, చేసిన పరీక్షలే మళ్లీ చేయించుకోవలసి వస్తుంది. ‘ఈ విషయంలో ఇంకొకరిని కూడా అడగాలనుకుంటున్నాను, రిపోర్టుల నకళ్లు ఇప్పించండి’ అని నేరుగా అడగండి. రెండో డాక్టరు కొత్త మందులు రాస్తే, పాతవాటిలో ఏవి ఆపాలో, ఏవి కొనసాగించాలో ఆ చీటీ మీదే రాయించుకుని, దాన్ని మొదటి డాక్టరుకు కూడా చూపించండి.