లేవగానే కళ్లు తిరుగుతున్నాయా? టానిక్ కాదు, ముందు కిడ్నీ టెస్టు

ప్రశ్న: నా వయసు 58. బీపీకి మూడేళ్లుగా టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర రోజూ ఉదయం వేసుకుంటున్నాను. పది రోజుల నుంచి మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయి, ఒక్క క్షణం అంతా చీకటైపోతోంది. కూర్చుంటే సర్దుకుంటోంది. అంతకుముందు మూడు రోజులు విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి. మోకాళ్ల నొప్పికి రెండు నెలలుగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను, అది తప్ప వేరే మందులేవీ లేవు. ఒంట్లో రక్తం తగ్గిందేమోనని అనుమానం. రక్తం పట్టడానికి మంచి టానిక్ ఏదైనా చెప్పండి. మనం లేచి నిలబడినప్పుడు అసలు ఒంట్లో ఏం జరుగుతుందో కూడా వివరించగలరు.

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దాం. మీరు మాటవరసకు రాసిన ఆ డైక్లోఫెనాక్ దగ్గరే నా చూపు ఆగిపోయింది. దాన్ని ఇవాళే ఆపండి. బీపీ మాత్ర రాసిన డాక్టరుకు ఇవాళే ఫోన్ చేసి, రేపటికల్లా వెళ్లి కనపడండి. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోవాలి. ఇంత హడావిడి ఎందుకో చెబుతాను. అయితే మీరు అడిగింది ముందు.

‘కళ్లు తిరుగుతున్నాయి’ అని మనం రెండు రకాల ఇబ్బందులకూ అంటాం. గది మొత్తం గిర్రున తిరిగినట్టుంటే చాలాసార్లు అది లోపలి చెవికి సంబంధించింది. లేచినప్పుడు మాత్రమే చూపు మసకబారి, కూర్చోగానే పోతే, ఆ కాసేపు మెదడుకు రక్తం సరిపోలేదని అర్థం. మీది రెండోదిలా ఉంది.

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు అటూ ఇటూగా రక్తం కాళ్లలోకి, పొట్టలోని సిరల్లోకి దిగిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, గుండె పంపేదీ తగ్గుతుంది. దీన్ని పసిగట్టడానికి మెడలోని పెద్ద ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపులో నాడీ కొసలు ఉంటాయి. రక్తనాళం గోడ సాగడం కాస్త తగ్గిందంటే చాలు, మెదడు కింది భాగానికి కబురు వెళుతుంది. అక్కడి నుంచి వచ్చే ఆదేశాలతో గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. అంతా కొన్ని సెకన్లలోనే. పడుకుని మణికట్టు దగ్గర నాడి పట్టుకుని లెక్కపెట్టండి, ఎవరినైనా పక్కన ఉంచుకుని నిలబడి మళ్లీ లెక్కపెట్టండి. నిమిషానికి పదో పదిహేనో ఎక్కువ కొట్టుకోవడం మీకే తెలుస్తుంది.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఇంకా మంచిది. ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఈ సర్దుబాటు కుదరడం లేదన్నమాట. ఆ అంకెలు రాసి పెట్టుకుని డాక్టరుకు చూపించండి.

ఎందుకు కుదరదు? రక్తనాళాల్లో నీరు చాలకపోవచ్చు. మీకు విరేచనాలయ్యాయి, పైగా క్లోర్‌థాలిడోన్ పనే ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపించడం. ఎక్కడైనా రక్తం కారుతూ ఉండొచ్చు. మందు వల్ల రక్తనాళాలు బిగుసుకోలేకపోవచ్చు. చాలాకాలంగా షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని కబురే సరిగా వెళ్లకపోవచ్చు. మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు.

ఇప్పుడు నా అసలు కంగారు. కిడ్నీలు రెండూ కలిపి 300 గ్రాములకు అటూ ఇటూగానే ఉంటాయి, కానీ గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వాటికే వెళుతుంది. రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, దాదాపు అంతా వెనక్కి తీసుకుని, లీటరున్నర మాత్రం మూత్రంగా వదులుతాయి. వడకట్టాలంటే ఆ సన్నని జల్లెడ లోపల ఒత్తిడి ఉండాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ ఒత్తిడి పడిపోకుండా కిడ్నీ రెండు పనులు చేస్తుంది: రక్తం లోపలికొచ్చే నాళాన్ని వెడల్పుగా తెరిచి ఉంచుతుంది, బయటికెళ్లే నాళాన్ని బిగిస్తుంది. మొదటి పనికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి, రెండోదానికి యాంజియోటెన్సిన్ అనే హార్మోన్. డైక్లోఫెనాక్ మొదటిదాన్ని తయారుకానివ్వదు, టెల్మిసార్టాన్ రెండోదాన్ని పనిచేయనివ్వదు. నీటిని క్లోర్‌థాలిడోన్ ముందే తగ్గించింది. మిగిలిన పని విరేచనాలు పూర్తిచేశాయి.

టెల్మిసార్టాన్ చెడ్డ మందని అనుకోకండి. చాలామందిలో కిడ్నీని కాపాడేది అదే. తంటా ఈ మూడూ ఒకచోట చేరడంలో ఉంది. నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయని జాన్ వేన్ 1971లో చూపించారు, 1982లో నోబెల్ అందుకున్నవారిలో ఆయనా ఒకరు. మోకాలిలో నొప్పిని పెంచే ఆ రసాయనాలే కిడ్నీలో, కడుపు లోపలి పొరలో కాపలా కాస్తాయి. మాత్రకు ఆ తేడా తెలియదు.

కిడ్నీ దెబ్బతింటున్నా నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుండొచ్చు. వడపోత సగానికి పడిపోయినా కొందరిలో క్రియాటినిన్ దాదాపు నార్మల్‌గానే కనిపిస్తుంది. అందుకే రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే అంచనా) కూడా వేయమని ల్యాబులో అడగండి. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, అది ఆగి చూసుకునే విషయం కాదు. మీకు ఇవన్నీ జరిగిపోయాయని నేను అనడం లేదు. మిమ్మల్ని చూడకుండా అలా అనడం తప్పు కూడా. పరీక్షలన్నీ బాగానే ఉండొచ్చు. కానీ చూడకుండా వదిలేయకూడదు.

టానిక్ వద్దనడానికి కారణముంది. ‘రక్తం తగ్గింది’ అని మనం సాధారణంగా అనేది హిమోగ్లోబిన్ గురించి. అది తగ్గిందో లేదో టెస్టు చేస్తే ఒక్క పూటలో తెలిసిపోతుంది. నిజంగానే తగ్గి ఉంటే ఎందుకు తగ్గిందన్నదే పెద్ద ప్రశ్న, ఎందుకంటే డైక్లోఫెనాక్ కడుపులో పుండు చేసి, ఏ నొప్పీ లేకుండానే రక్తం కార్పించగలదు. అప్పుడు మలం తారులా నల్లగా వస్తుంది. ఐరన్ టానిక్ తాగినా మలం నల్లబడుతుంది. చేతికందే ఒక్క ఆనవాలునూ మనమే చెరిపేసుకున్నట్టవుతుంది.

ఇక ‘వేరే మందులేవీ లేవు’ అనే మాట. ఓపీలో రోజూ వింటాను. మనమే కొనుక్కున్నది మందుల లెక్కలోకి రాదు కాబోలు! మొన్న ఒక పెద్దాయన మీలాగే అని, చివర్లో చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి టేబుల్ మీద బోర్లించారు. మూడు రంగుల స్ట్రిప్పులు, మూడు వేర్వేరు పేర్లు. తిప్పి చూస్తే రెండింటిలో ఉన్నది ఒకటే నొప్పి మందు. ఒకటి నడుముకట, ఇంకొకటి మోకాళ్లకట. మీరు కూడా రెండు నెలల్లో ఒక్కసారైనా ఎవరినైనా అడిగి ఉండాల్సింది.

డైక్లోఫెనాక్ ఆపమన్నానని ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, నాప్రోక్సెన్ తెచ్చుకోకండి, అవన్నీ ఒకే కుటుంబం. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో, ఎంత మోతాదులో అన్నది మీ డాక్టరునే అడగండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు. ఫోన్ చేసినప్పుడు విరేచనాల సంగతి, మీరు రాసుకున్న బీపీ అంకెలు చెబితే, కొన్నాళ్లు ఆపాలో మోతాదు మార్చాలో వారే నిర్ణయిస్తారు. ఇకముందు వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజే ఫోన్ చేసి మాత్ర వేసుకోవాలా అని అడగండి.

స్పృహ తప్పి పడిపోయినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా, మలం నల్లగా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా ఫోన్లూ అపాయింట్‌మెంట్లూ చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

డాక్టరును కలిసేదాకా, లేచేటప్పుడు మంచం అంచున కాళ్లు కిందికి వేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోండి. పాదాలు పైకీ కిందికీ ఆడించండి, పిక్కలు పిండినట్టయి సిరల్లోని రక్తం పైకెక్కుతుంది. ఆ తర్వాత దేన్నైనా పట్టుకుని నిలబడండి. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు మరీ జాగ్రత్త. గుండె జబ్బు ఉందని, కాళ్ల వాపు ఉందని ఎవరూ నీళ్లు తగ్గించమనకపోతే, సరిపడా తాగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి. ఖాళీ అయిపోయినవి కూడా.